ఊరికే వెళ్లే ఊరు

మా ఉద్దానంలో ఫారిన్ అనేది ఒకటే ఊరు. దుబాయ్, సింగపూర్, మస్కట్ అని మ్యాపులో వేరువేరుగా ఉంటాయి గానీ మావాళ్ల నోట అదంతా ఫారినే. వెల్డింగ్ వచ్చినవాళ్లు వెళ్తారు, పైపులు బిగించేవాళ్లు వెళ్తారు, రెండేళ్లకోసారి పెద్ద సూట్‌కేసుతో వస్తారు, మళ్లీ వెళ్తారు. వెళ్లడమంటే పనికి వెళ్లడమే. ఇది తెలిసి తెలిసి నేను పలాసలో, చర్చిలో ఆడవాళ్ల కూటం అయ్యాక, "వచ్చే వేసవి సెలవులకి మేం శ్రీలంక వెళ్తున్నాం" అనేశాను.

నేను టెక్కలిలో సోషల్ టీచర్ని. ప్రాచీన నగరాల పాఠం ఎన్నేళ్లు చెప్పానో! మ్యాపు మీద బెత్తం పెట్టి "ఇదిగో అనురాధపురం" అంటుంటే, చూసొచ్చినంత ధీమాగా పిల్లలు రాసుకునేవారు. నేను చూసిన అతి పురాతన కట్టడం మా స్కూలు స్టోర్ రూము. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, శ్రీలంకలో తుపాకులు ఆగాయని పేపర్లో చదివి, ఇక పట్టుబట్టాను. సముద్రమూ ఉంది, వేల ఏళ్ల చరిత్రా ఉంది, పైగా మనకి దగ్గర. ఇంకేం కావాలి?

మరుసటి వారం కూటంలో పాస్టరు గారి భార్య లేచి, కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. "ప్రభువా, నీ కుమార్తె పరదేశం ఎల్తన్నాది. అక్కడ మంచి సేటుని దయసెయ్యి. జీతం నెలనెలా అందేలాగ సూడు." అందరూ గట్టిగా ఆమెన్ అన్నారు. నేను ఒక కన్ను తెరిచి చూశాను. ఎవరి ముఖంలోనూ నవ్వు లేదు.

"అమ్మగారూ, ఉద్యోగానికి కాదండీ, చూడ్డానికి" అన్నాను బయటికొచ్చాక.

"సూడ్డానికా? ఏటి సూడ్డానికి?"

"సముద్రం, పాత కట్టడాలు..."

"సముద్రం మనకి లేదేటమ్మా? ఊరికే ఎవులైనా అంత దూరం ఎల్తారేటి? సెప్పడం ఇష్టం లేపోతే మానీ" అన్నారావిడ నొచ్చుకుని.

నిప్పు లేనిదే పొగ రాదు కదా. పలాసలో ఆ పొగ నాలుగు రోజుల్లో జీడి ఫ్యాక్టరీల దాకా పాకింది. ఏజెంటు అడ్రసు కావాలంటూ మనుషులు ఇంటికి రావడం మొదలుపెట్టారు. ఒకావిడ తన తమ్ముడి పాస్‌పోర్టు ఫొటోలు నా చేతిలో పెట్టి, ఎంత చెప్పినా వినకుండా వెళ్లిపోయింది. నాకు ఒళ్లు మండింది. మా వైపు మనిషి ఊరు దాటాలంటే చేతికి పని ఉండి తీరాలా? కళ్లున్నాయి, చాలదా?

మా ఆయనది రైల్వేలో పని. "పట్టాల్లేని సోటికి నన్ను లాగకు" అన్నారు మొదటే. విమానం అంటే భయమని చెప్పడానికి మొహమాటపడి, "ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు" అంటూ సామెతలు తిప్పారు. "మీరు రాకపోతే నేను ఇంకెవరినైనా వెతుక్కుంటాను" అన్నాను. బెదిరింపుగానే అన్నాను గానీ, ఆ ఇంకెవరో అప్పటికే బారువ దగ్గర్నుంచి బస్సెక్కి ఉన్నారు.

ఆవిడ మా వదిన, మా ఆయన అక్క. ఉద్దానం ఒడ్డున కొబ్బరితోటలో ఇల్లు. భర్త మస్కట్‌లో వెల్డరు. ఆయన్ని నేను అన్నయ్యా అంటాను. ప్రతి శుక్రవారం అక్కడ సెలవు, ఫోను మా ఇంటికే చేసేవాడు కాబట్టి వదిన ప్రతి శుక్రవారం మా ఇంటికి వచ్చేది. ఆ వారం మాత్రం చేతిలో బరువైన సంచి ఉంది. ఎండు నెత్తళ్ల చేపలు, ఆవకాయ, జీడిపప్పు, అన్నీ ప్లాస్టిక్ కవర్లలో గట్టిగా కట్టి తెచ్చింది.

"ఫారిన్ ఎల్తన్నావంట కదే. ఇయి మా ఆయనకి ఇచ్చీ" అంది.

నవ్వొచ్చింది. సుద్దముక్క తెచ్చి నేల మీద మ్యాపు గీశాను. "ఇది మన బారువ. ఇలా కిందికి వస్తే లంక. అన్నయ్య ఉండేది అదిగో, దేశానికి అటు పక్క" అని గది చివరిదాకా పాక్కుంటూ వెళ్లి మస్కట్ పెట్టాను.

వదిన నవ్వలేదు. బారువ నుంచి మస్కట్ దాకా చూసి, "ఇంత దూరమేటి? ఫోన్లో పక్కూరోడిలాగ మాటాడతాడు" అంది. అన్నేళ్లు ఆ దూరాన్ని ఎవరూ ఆవిడకి చూపించలేదు.

మాట మార్చడానికి కథ ఎత్తుకున్నాను. బుద్ధుడి దంతం ఒకటి మన కళింగంలో ఉండేదట, శత్రువుల చేతికి చిక్కకుండా ఒక రాజకుమారి దాన్ని జడలో దాచుకుని ఓడలో లంకకి చేర్చిందట. ఆ దంతపురం మన శ్రీకాకుళం దగ్గరి దిబ్బేనని మావాళ్ల గట్టి నమ్మకం.

వదిన శ్రద్ధగా విని, "అయితే ఆవిడా పనిమీదే ఎల్లింది" అంది.

ఇన్నేళ్ల టీచరు ఉద్యోగంలో ఆ కోణం నాకు తట్టలేదు.

"నువ్వు మాత్రం ఊరికే ఎల్తన్నావా?"

"ఊరికే."

సంచి మూతి ముడివేస్తూ, తల ఎత్తకుండా అడిగింది. "నన్నూ తీసికెల్తావేటి?"

నా సంతోషం చెప్పలేను. కానీ వదినకి అదంత తేలిక కాదు. మొగుడు అక్కడ నిప్పురవ్వల మధ్య పని చేస్తుంటే పెళ్లాం షికార్లు కొడుతోందని ఊరు అంటుంది. ఆయనా అదే అంటే? "ఆయన సరేనంటేనే" అంది. ఇంతలో ఫోను మోగింది.

అన్నయ్యది పెద్ద గొంతు. రిసీవరు వదిన చెవి దగ్గరున్నా మాటలు గదంతా వినిపించేవి.

"లంకా? అక్కడేటి పని?"

"పనేటీ లేదు. ఊరికే, సూసొత్తాం."

వదిన చెయ్యి ఫోను తీగని మెలితిప్పుతోంది.

"మా కేంపు పక్కనే సముద్రం" అన్నాడు అన్నయ్య, ఆయన అలవాటుకి చాలా మెల్లగా. "పదేల్ల బట్టి బస్సులోంచి సూత్తన్నాను. ఒక్కపాలి దిగలేదు. దిగితే ఏటి పని అనిపిత్తాది. నువ్వెల్లు. ఇసకలో కూకుని సూసొచ్చి నాకు సెప్పు."

నేను గెలిచామనుకుని, పక్కనే నిలబడి వింటున్న మా ఆయన భుజం చరిచాను. వదిన మాత్రం ఇంకా రిసీవరు పట్టుకునే ఉంది. "ముందు నువ్వు దిగు. దిగి నాకు సెప్పు. అప్పుడే నానెల్తాను" అని పెట్టేసింది.

నాకు కోపమొచ్చింది. పండిన పండు చేతికొచ్చాక ఈ షరతేమిటి? ఆవిడ కదల్లేదు. పాస్‌పోర్టుకి అప్లై చేయిద్దాం అంటే చేసింది, ఫొటో దిగుదాం అంటే దిగింది. టికెట్ అనగానే, "ఆయన దిగనీ" అనేది. ఆయనా ప్రతి శుక్రవారం ఏదో ఒకటి చెప్పేవాడు. ఎండ అనేవాడు, ఓవర్‌టైమ్ అనేవాడు, బట్టలుతుక్కోవాలి అనేవాడు. వేసవి దగ్గరపడుతోంది.

పాస్‌పోర్టు ఎంక్వైరీకి కానిస్టేబుల్ వదిన వాళ్ల ఊరు వచ్చాడు. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. "ఏ పని మీద ఎల్తన్నారమ్మా?" అన్నాడు. తోట గట్టు మీద అరడజను మంది ఆడవాళ్లు చెవులు రిక్కించి నిలబడ్డారు. నేను జవాబు చెప్పబోయాను.

"పనేటీ లేదు బాబూ, ఊరికే" అంది వదిన వాళ్లందరికీ వినబడేలాగ. తన పేరు చెప్పినంత మామూలుగా చెప్పింది.

తర్వాతి శుక్రవారం ఫోను ఎప్పుడూ వచ్చే వేళకి రాలేదు. వదిన రెండుసార్లు రిసీవరు ఎత్తి, టోను ఉందో లేదో చూసింది. చివరికి మోగింది.

"దిగాను" అన్నాడు అన్నయ్య.

"ఎవులేనా ఏటేనా అన్నారా?"

"ఎవులూ ఏటీ అన్లేదు."

"ఏటి సేసావు మరి?"

"ఏటీ సెయ్యలేదే. సెప్పులిప్పి ఊరికే కూకున్నాను. పొద్దు గూకీదాకా అలాగే కూకున్నాను."

వదిన రిసీవరుని గుండెకి అదుముకుని మావైపు తిరిగింది. "ఊరికే కూకున్నాడంట!" అని నవ్వుతోంది, కళ్లంట నీళ్లు కారిపోతున్నాయి. తుడుచుకోలేదు. మళ్లీ చెవి దగ్గర పెట్టుకుని, "నానూ కూకుంతాను" అంది ఆయనతో.