కామెంట్లకు జవాబిచ్చిన సావిత్రక్క

వనపర్తిలోని మా గానుగ నూనె దుకాణం వీడియోకు బోలెడు లైకులు వచ్చాయి, కొనేవాళ్లు మాత్రం రాలేదు. ఇవాళ పొద్దున నాగర్‌కర్నూల్ నుంచి ఇద్దరు వచ్చి, "కామెంట్లల్ల సావిత్రక్క అడ్రస్ చెప్పింది" అన్నారు. ఫోను తెరిచి చూశాను. ధరెంత, దుకాణమెక్కడ అని జనం అడిగినవాటికి, నేను పట్టించుకోకపోయినా, ఎప్పుడూ మా దగ్గరే నూనె కొనే సావిత్రక్క ఓపిగ్గా జవాబులిచ్చింది. సాయంత్రం ఆమె డబ్బా పట్టుకొని వస్తే అడిగాను.

"గంత తీరిక యాడిదక్కా?"

"అడిగినోళ్లకు ఎవ్వరు చెప్పకుంటే ఎట్ల తమ్మీ? ఇగ రేపట్నుంచి నువ్వే రాయి. మాకు చేన్ల పల్లికాయ పీకుడున్నది."

లైకులు చూసి మురిసిపోయిన నాకు సిగ్గేసింది. ఆమెకు దండం పెట్టాలనిపించింది. ఇప్పుడు కూర్చుని మిగిలిన కామెంట్లకు జవాబులు రాస్తున్నాను. మీలో ఎవరైనా అడిగి, జవాబు రాక ఊరుకుని ఉంటే మళ్లీ ఒక్కసారి అడగండి.