కోరుట్ల నుంచి సిరిసిల్లకు ఒక రిపోర్టు

మా పాప నవ్యకు తలసీమియా. ఒంట్లో రక్తం నిలవదు, ఇరవై రోజులకోసారి జగిత్యాలలో ఎక్కించాలి. నేను మేనమామ కూతుర్ని చేసుకున్నవాణ్ణి. మళ్లీ అలాంటి మేనరికమే సిరిసిల్లలో జరగబోతోంది. మా అక్క కొడుకు శ్రీనుకూ, మా అన్న కూతురు లతకూ ఆదివారం పెళ్లి. లతలో ఈ లోపం, దానికి హాని చేయనంతగా ఒక పాలు, ఉందని నవ్యకు పరీక్షలు చేసినప్పుడు దానికీ చేయిస్తే తేలింది. శ్రీనులో లేకపోతే ఏ భయమూ లేదు. పోయిన వారం వాడు నవ్యను చూడ్డానికి వస్తే, జగిత్యాల ల్యాబుకు తీసుకెళ్లి పరీక్షకు రక్తం ఇప్పించాను. ఆ రిపోర్టు తీసుకుని అక్క చేతిలో పెట్టడానికే శుక్రవారం బయలుదేరాను.

తెలంగాణ కోసం సమ్మె నడుస్తోంది, బస్సుల్లేవు. ఆరింటికి కోరుట్లలో షేర్ ఆటో ఎక్కాను, జగిత్యాలకు నలభై తీసుకున్నాడు. తొమ్మిదింటికి ల్యాబు తెరిచారు. శ్రీనులోనూ ఉంది. రిపోర్టు మడిచి జేబులో పెట్టుకున్నాను. మా తాతలది గోదావరి ఒడ్డు బీర్పూర్ అని విని అక్కడి డాక్టరమ్మ కూర్చోబెట్టి చెప్పింది.

"అప్పట్ల అక్కడ చలిజ్వరంతోటి, అదే మలేరియాతోటి, ఊళ్లకు ఊళ్లే పోయేటివి. ఈ లోపం ఒక్క పాలు ఉన్నోళ్లు ఎక్కువ తట్టుకున్నరు, బతికి పిల్లల్ని కన్నరు. గందుకే మీ ఇంట్ల నిలిచింది. తల్లి దిక్కు నుంచి, తండ్రి దిక్కు నుంచి రెండు పాళ్లు ఒక్క బిడ్డకొస్తేనే ఆపద."

మా తాతను బతికించినదే నా బిడ్డను తింటోంది. ఎవరిని తిట్టుకోవాలి?

వేములవాడ వైపు జీపు దొరికింది, మనిషికి వంద. దారిలో సమ్మెవాళ్లు రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. రెండు గంటలు ఆగిపోయాం. ఫోన్‌లో చార్జింగ్ కూడా లేదు. అన్నం వడ్డిస్తున్నామె నా ముందు విస్తరి వేసింది.

"తిను అన్నా, గట్ల మొకం ఏలాడేసినవేంది? రాష్ట్రమొస్తే మన పిల్లలు బాగుపడ్తరు."

విస్తరి పక్కవాడి ముందుకు జరిపాను.

సిరిసిల్ల చేరేసరికి మూడున్నర. అక్క ఇంటి ముందు పందిరి, పసుపు అడుగులు. ఆదివారం బంద్ అంటున్నారని పెళ్లి ఆ పొద్దునే కానిచ్చారు.

"నీకు పొద్దటి సంది ఫోన్ చేస్తనే ఉన్న తమ్మీ, కలుస్తలేదు" అంది అక్క. "నువ్వు చెప్పినట్టు రక్తం పరీక్ష గూడ చేయించిన. ఇద్దరిదీ ఓ పాజిటివే. ఒక్కటే రక్తం, మంచిగ కలిసింది."

ఆమె చేయించింది బ్లడ్ గ్రూపు. తప్పు నాదే. ఫోన్‌లో అక్కకు పరీక్ష అన్నాను గానీ ఏ పరీక్షో చెప్పలేదు. చదువుకున్న గాడిదను.

ఇంతలో శ్రీను, లత వచ్చి నా కాళ్లకు మొక్కారు. చేతిలో అక్షింతలు, జేబులో రిపోర్టు. "చల్లగుండుండ్రి" అన్నాను.

"పిల్లాపాపలతోటి అను తమ్మీ" అంది అక్క.

అనలేకపోయాను. లత తలెత్తి నా ముఖం చూసింది. దానికి అర్థమైంది.

తిరుగు ప్రయాణంలో ఆ చూపే నా వెంట వచ్చింది. బయలుదేరే ముందే, ఆ సాయంత్రం, రిపోర్టు వాళ్లిద్దరికీ చూపించాను. నెల తప్పితే మూడో నెలలోనే హైదరాబాద్ తీసుకెళ్లి కడుపులో బిడ్డకు పరీక్ష చేయించొచ్చని చెప్పాను. చెప్పడం సులువు. మీ ఇంట్లో మేనరికం అనుకుంటుంటే ముహూర్తం పెట్టకముందే పరీక్షకు వెళ్లండి. రక్తం పరీక్ష అని ఊరుకోకండి, "హీమోగ్లోబిన్ ఎలక్ట్రోఫోరెసిస్" అని కాగితం మీద రాసి పంపండి.