పక్కకున్న బెజ్జం

ఉప్పల్ నుంచి నాచారం వెళ్లే రోడ్డు మీద, ఒక మందుల షాపు పై అంతస్తులో, రెండు కంప్యూటర్లు పెట్టుకుని వెబ్‌సైట్లు చేసేదాన్ని. చుట్టుపక్కల చిన్న ఫ్యాక్టరీలవాళ్లకు అప్పుడప్పుడే సైటు మోజు పట్టుకుంది. బొమ్మలు మాత్రం వర్డ్‌లో గీసుకొచ్చేవాళ్లు. వాటిని అలాగే వెబ్‌పేజీగా మారిస్తే గీతలొకచోట, అక్షరాలొకచోట పడేవి. ముందు ఫొటోలాంటి ఫైలుగా మార్చాలి. ఆ పనంటే నాకు ఒళ్లుమంట.

మల్లాపూర్‌లో నీటి వాల్వులు చేసే అన్న ఒకరోజు పొద్దున్నే ఫ్లాపీ పట్టుకుని వచ్చాడు. లేత్ మిషన్ మీద పనివాడిగా మొదలై సొంత షెడ్డు వేసుకున్న మనిషి. ఎంత కడిగినా ఆ చేతులకు గ్రీజు పోదు. వాల్వును నిలువునా కోస్తే లోపల ఎలా ఉంటుందో, కూతురి దగ్గర వర్డ్ నేర్చుకుని నెల రోజులు కూర్చుని గీశాడట.

"జర మంచిగ పెట్టు చెల్లె. పంపుల కంపెనోళ్లు రేపు సైటు సూస్తమన్నరు. నచ్చితెనే షెడ్డుకొస్తరంట."

వాళ్ల ఆర్డరు రాకపోతే షెడ్డు మూసేసి మళ్లీ ఎవరి దగ్గరో పనికి పోవాల్సిందేనని కూడా చెప్పాడు, అదేమంత పెద్ద విషయం కానట్టు.

ఫైలు తెరిచి తల పట్టుకున్నాను. స్ప్రింగు ఒక్కో చుట్టుకూ ఒక్కో గీత. పేర్లన్నీ స్పేస్ బార్ కొట్టి కొట్టి జరిపినవే. ఏ గీతనూ మరోదానితో కలపలేదు. ఆయన కంప్యూటర్‌లో కుదురుగా ఉన్నవి నా దగ్గరికొచ్చేసరికి చెల్లాచెదురయ్యాయి. సాయంత్రం వస్తానని చెప్పి అన్న అటు వెళ్లగానే, ఈ గోల ఎవరు పడతారని, మొత్తం నేనే వేరే సాఫ్ట్‌వేర్‌లో తిరగగీసి సైట్లో పెట్టేశాను. అద్దంలా వచ్చింది. నన్ను చూసి నేనే మురిసిపోయాను.

సాయంత్రం అన్న వచ్చి, మానిటర్ దగ్గరికి మొహం పెట్టి చాలాసేపు చూశాడు.

"గిదేంది చెల్లె, నీళ్లు పొయ్యే బెజ్జం నడిమిట్ల పెట్టినవ్?"

"మీ బొమ్మలో పక్కకు జరిగిపోయింది అన్నా. సరిచేసిన."

"జరగలే. నేనే పక్కకు పెట్టిన. నడిమిట్ల ఉంటె ఇసుక వడి బిగుసుకుంటది. పక్కకుంటె కొట్టుకపోతది. మూడేండ్లు తిప్పలవడి కనుక్కున్న. గది లేకుంటె నా వాల్వుకు, బజార్ల వాల్వుకు ఫరకేముంది?"

కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. నాకు తలెత్తబుద్ధి కాలేదు.

నా బొమ్మ తీసేసి ఆయన ఫైలే మళ్లీ తెరిచాను. పక్కన కూర్చుని ఆయన వేలితో చూపిస్తుంటే ఒక్కో గీతనూ దాని చోటికి చేర్చాను. చాయ్ తెప్పించాను, అదీ చల్లారిపోయింది. షిఫ్ట్ నొక్కిపట్టి అన్ని గీతలనూ ఎంచి ఒకటిగా గ్రూప్ చేశాను. ప్రింట్ స్క్రీన్ కొట్టి, పెయింట్‌లో అతికించి, అంచులు కత్తిరించి, జిఫ్ ఫైలుగా సేవ్ చేసి సైట్లో పెట్టాను. స్ప్రింగు కొంచెం వంకరగానే ఉంది. నా చెయ్యి ఎంత దురద పెట్టినా దాని జోలికి పోలేదు.

అన్న మౌస్ అందుకుని బెజ్జాన్ని పట్టి లాగి చూశాడు. కదల్లేదు.

"ఇగ జరగదా?"

"జరగదన్నా. ఇప్పుడిది ఫొటో."

"నువ్వు గూడ సాపు జెయ్యవు గద?" అని నవ్వాడు. నేనూ నవ్వాను కానీ అది చురుక్కుమంది.

మర్నాడు మధ్యాహ్నం రొప్పుతూ మెట్లెక్కి వచ్చాడు.

"ఫోన్ జేసిన్రు చెల్లె! అన్నిటికన్న ముందు ఏమడిగిన్రో ఎరికేనా? గా బెజ్జం పక్కకెందుకుందని. ఎల్లుండి షెడ్డుకొస్తరంట."

కుర్చీలో కూలబడి, గ్రీజు చేతిరుమాలుతోనే కళ్లు తుడుచుకున్నాడు. నేను గీసిన అద్దంలాంటి బొమ్మే ఉండి ఉంటే వాళ్లు ఆ ప్రశ్న అడిగేవాళ్లే కాదు.