పోలే అన్న మాట

మా అక్క నాతో అన్న చివరి మాట "పోలే పాపా, పోలే" అని. ఎవరో చెబితే విన్నది కాదు. నా ఫోన్‌లో ఉంది. నాలుగు సెకన్ల వాయిస్ మెసేజ్.

మాది రాజంపేట పక్క పల్లె. కువైట్‌కు ఆమె ముందు వచ్చింది, మూడేళ్ళ తర్వాత నేను. ఆమె సబా అల్ సలేంలో ఒక ఇంట్లో పిల్లల పని, బట్టల పని చూసేది. నేను మిష్రిఫ్‌లో ఒక ఇంట్లో వంట చేస్తాను. రెండిళ్ళకూ కారులో పావుగంట. ఆ పావుగంట దూరం దాటడానికి మాకు ఒక్కోసారి రెండు నెలలు పట్టేది. నేను బి.ఏ. రెండో సంవత్సరంలో ఆపేశాను, అక్క అయిదో తరగతిలో ఆపేసింది. నా చదువంటే ఆమెకు లేనిపోని గౌరవం. ఎవరికి చూపించినా "మా పాప, పుస్తకాలు చదువుతాది" అని చెప్పేది. వినడానికి నాకు సిగ్గుగా ఉండేది.

ఆ రోజు పొద్దున ఫోన్ చేసి, రొమ్ములో మంటగా ఉండాది, చెయ్యి గుంజుతాంది అంది. మా ఇంట్లో ఆ రోజు చుట్టాలు ఇరవై మంది. వేయిస్తూ వేయిస్తూ నూనె చేతి మీద పోసుకున్నాను. గంటసేపు పోయి అక్కను చూసి వస్తానని మామాను అడిగాను. మామా అంటే మా ఇంటి యజమానురాలు, ఇక్కడ పనిచేసే ఆడవాళ్ళమంతా అలాగే పిలుస్తాం. ఆమె "బాచిర్" అంది. రేపు అని. ఆమె చెడ్డది కాదు, ఏది అడిగినా రేపు అంటుంది, అంతే. సాయంత్రం అక్కకు మెసేజ్ పెట్టాను. "అక్కా, చెయ్యి కాల్చుకుంటి. మామా ఈ పొద్దు పంపదంట. నువ్వు ఆస్పత్రికి పోతివా?"

జవాబుగా ఆ నాలుగు సెకన్లు వచ్చాయి. "పోలే పాపా, పోలే."

పోలేదు. ఆస్పత్రికి పోలేదు. తెల్లారి లేవలేదు.

ఆ తర్వాత ఏడాది పాటు ఆమె మీద నాకున్నది దుఃఖమో కోపమో విడదీసి చెప్పలేను. ఉల్లిపాయలు తరుగుతూ, ఎందుకు పోలే, ఎందుకు పోలే అని తిట్టుకునేదాన్ని. అయిదు నిమిషాల నడకలో క్లినిక్ ఉంది. మనిషికి అంత బద్ధకమా, అంత భయమా. తిట్టడం అయ్యాక, నేను పోయి చెయ్యి పట్టుకుని లాక్కుపోయి ఉంటే అనే ఆలోచన వచ్చేది. నిజానికి తిట్టేది ఆ ఆలోచన రాకుండా ఉండటానికే.

ఆ సాయంత్రం అక్కతో ఉన్న మనిషి ఒకతే. అదే ఇంట్లో వంట చేసే ఆఫ్రికా ఆమె, ఊరు అరూషా. అక్క పోయిన రెండు నెలలకు పని చాలించుకుని తన ఊరికి వెళ్ళిపోయింది. ఆమె నంబర్ నా దగ్గరుంది. రెండుసార్లు ఫోన్ చేశాను. మా ఇద్దరికీ తెలిసిన భాష కువైట్ వంటిళ్ళలో నేర్చుకున్న అరబ్బీ. అది చేతులతో, కళ్ళతో కలిపి మాట్లాడేది. ఫోన్‌లో పనికిరాదు. ఆమె ఏడ్చింది, నేను పెట్టేశాను.

ఇంతలో మా ఇంటి పిల్లలు సింహాలను చూడాలన్నారు. మామా ఎవరినో కనుక్కుని అరూషా అంది. సింహాలున్న అడవులకు పోయేవాళ్ళంతా ముందు దిగే ఊరు అది. చిన్నపిల్లను చూడటానికీ వంటకూ నేనూ రావాలి. ఆ పేరు వినగానే చేతిలో గరిటె ఆగిపోయింది. ఆ ఊళ్ళో నాకు తెలిసిన మనిషి ఉంది, ఒక గంట పంపిస్తావా అని అప్పుడే అడిగాను. "ఎందుకు పంపను? అక్కడికి పోయాక చూద్దాం" అంది.

సామాను సర్దడానికి నాలుగు రోజులు పట్టింది. మామా కువైట్‌ను వదిలిపెట్టి ఎక్కడికీ పోదు, వెంట తీసుకుపోతుంది. బియ్యం, ఎండు నిమ్మకాయలు, మసాలాలు, కాఫీ కాచే కూజా, ఖర్జూరాలు, బొగ్గు, సాంబ్రాణి ధూపం. బొగ్గు విమానంలో రానివ్వరని మూడుసార్లు చెప్పాను. మూడుసార్లు పెట్టెలో పెట్టింది, మూడుసార్లు తీశాను. మమ్మల్ని ఎయిర్‌పోర్టులో దించిన డ్రైవరన్న కోనసీమ మనిషి. పెట్టెలు ఎక్కిస్తూ అడిగాడు.

"ఇదేంటి చెల్లెమ్మా, ఊరుమ్మడిగా కాపురం ఎత్తేత్తున్నారేంటి?"

"సింహాలు చూడనీకి పోతాండారన్నా."

"ఆయ్! అయితే ఆటికి కూడా మచ్బూస్ నువ్వే వండిపెట్టాలన్నమాట. కారం తగ్గించు, పాపం అలవాటుండదు ఆటికి." తర్వాత గొంతు తగ్గించాడు. "ఆవిడ్ని కలుత్తావా?"

"కలవకుండా రాను" అన్నాను. అతనికి సంగతంతా తెలుసు. అక్క శవం ఉన్న పెట్టెను ఊరికి పంపిన రోజు కార్గో దగ్గరకు తీసుకుపోయింది అతనే.

ఆఫ్రికా గురించి నేను చదివినవాటిలో ఆకాశం చాలా పెద్దది. మేము దిగిన రోజు మబ్బు. ఊరి మీద ఒక పెద్ద కొండ ఉందన్నారు, ఉన్న రెండు రోజులూ అది మబ్బులోనే ఉంది. రోడ్ల నిండా పైకప్పు తెరుచుకునే జీపులు, వాటి పక్కన మోటార్ సైకిళ్ళు, ఎర్ర దుప్పట్లు కప్పుకున్న మనుషులు, కనిపించిన ప్రతివాడినీ అడవికి తీసుకుపోతామని వెంటపడే కుర్రాళ్ళు. గడియార స్తంభం దగ్గర ఒకడు నా వెంట కూడా పడ్డాడు, నా చంకలో పిల్లను, భుజాన డైపర్ల సంచీని చూసి కూడా.

ఎయిర్‌పోర్టులోనే మొదలైంది. పెద్ద పెట్టె చక్రం ఊడి నా కాలి మీద పడింది. సామాను మోసే ముసలాయన పరుగున వచ్చి నా కాలు చూసి "పోలే, మామా, పోలే" అన్నాడు.

నాకు కాలి నొప్పి తెలియలేదు. ఆయన ముఖం చూస్తూ నిలబడిపోయాను. తెలుగువాడేమో అన్న పిచ్చి ఆలోచన కూడా వచ్చింది.

జీపులో చిన్నపిల్ల వాంతి చేసుకుంది. డ్రైవర్ వెనక్కి తిరిగి "పోలే, పోలే" అన్నాడు. హోటల్ మెట్ల మీద నేను బరువుతో ఆయాసపడితే కౌంటర్ దగ్గరి అమ్మాయి "పోలే మామా" అంది. గది తుడిచే ఆమె నా చేతి మీద పాత కాలిన మచ్చ చూసి, అదే మాట. ఊరు ఊరంతా ఒప్పందం చేసుకున్నట్టు పొద్దున్నుంచి నాకు ఒకే మాట చెబుతోంది. పోలేదు, పోలేదు, పోలేదు. అడిగితే ఎవరో ఒకరు అర్థం చెప్పేవాళ్ళే. అడగలేదు. కువైట్‌లో యల్లా లాంటి ఊతపదం అనుకున్నాను. ఆ మాటను గురించి మాట్లాడాలని లేదు, అదే అసలు సంగతి.

మామాకు మాత్రం సరదాగా ఉంది. "ఇక్కడ అందరూ నిన్నే మామా అంటున్నారు. మరి నేనెవరు?" అంది.

"నువ్వు పెద్ద మామావు" అన్నాను. నవ్వింది. ఆ నవ్వు పోకముందే అడిగాను. "ఆ గంటసేపు..."

"బాచిర్" అంది.

మర్నాడు పొద్దున అడిగాను. పిల్లకు జ్వరంగా ఉంది, తాము బజారుకు పోయి వస్తామని, పిల్లతో నన్ను ఉండమని అంది. సాయంత్రం? సాయంత్రం పెట్టెలు సర్దాలి. రేపు? రేపు పొద్దున్నే అడవికి. అడవి నుంచి నేరుగా విమానానికి. రేపు అన్న మాటకు ఇక రోజులు మిగల్లేదని ఆమెకు తట్టలేదు. నేను చెప్పాను. "మామా, రేపు అయిపోయింది. ఖలాస్." ఏడాది కిందట ఒక రేపు అయిపోయిందని కూడా చెప్పాను. అంత గట్టిగా ఆమెతో ఎప్పుడూ మాట్లాడలేదు. ఆమె కాసేపు నా కాలిన చేతి వైపు చూసింది. "ఆమెనే ఇక్కడికి రమ్మను" అని చెప్పి బజారుకు పోయింది.

ఫోన్ చేశాను. "హోటల్. నేను. ఇప్పుడు." ఈ మూడు మాటలకూ హోటల్ పేరుకూ ఫోన్‌లో అరబ్బీ సరిపోయింది.

ఆమె గంటన్నరకు వచ్చింది. గేటు దగ్గర ఆపేశారు. పిల్లను భుజాన వేసుకుని నేనే దిగి, బట్టలు ఉతికే చోటికి తీసుకుపోయాను. తడి దుప్పట్లు ఆరేసిన తీగల మధ్య రెండు ప్లాస్టిక్ కుర్చీలున్నాయి. ఆమె సన్నబడింది. చేతిలో అరటిపండ్ల సంచి. కూర్చోకముందే నా ముఖం రెండు చేతుల్లోకి తీసుకుని, "పోలే" అంది. "పోలే సానా."

నాకు ఓపిక అయిపోయింది. "ఎవరు పోలేదు? ఎందుకు పోలేదు?" అని తెలుగులోనే అరిచాను. భుజం మీద పిల్ల ఉలిక్కిపడి ఏడ్చింది. ఆమె పిల్ల వీపు మీద తడుతూ "పోలే, పోలే" అంది.

అరబ్బీలోకి దిగాను. మా అరబ్బీలో నిన్నకూ రేపటికీ తేడా లేదు. పో, పోయింది, పోతుంది, అన్నిటికీ ఒకటే మాట, రూహ్. "అక్క, ఆస్పత్రి, రూహ్?" అన్నాను.

"రూహ్, రూహ్" అందామె.

"ఇప్పుడు పొమ్మని కాదు. అప్పుడు. పోయిందా?"

"రూహ్!"

తల గోడకు కొట్టుకోవాలనిపించింది. ఆమెకూ అలాగే అనిపించినట్టుంది. లేచి నిలబడింది. నా చెయ్యి పట్టుకుని, "ఇది మీ అక్క" అంది. తన రొమ్ము తట్టి, "ఇది నేను" అంది. స్టీరింగ్ తిప్పినట్టు చేతులు తిప్పింది. నన్ను తీగ కింద నుంచి అటు చివరికి నడిపించి అక్కడ కూర్చోబెట్టింది. తాను డాక్టరై నా రొమ్ము మీద చెవి పెట్టి విన్నది. పొట్ట మీద గుండ్రంగా రాసి, "గ్యాస్" అంది. రెండు మాత్రలు నా అరచేతిలో పెట్టినట్టు పెట్టింది. మళ్ళీ చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది. దుప్పట్లు మడతపెడుతున్న ఇద్దరు ఆడవాళ్ళు పని ఆపి చూస్తున్నారు.

పోయింది. అక్క ఆస్పత్రికి పోయింది.

"మరి నాకు పోలే అని ఎందుకు పంపింది?" ఫోన్ తీసి వినిపించాను. నాలుగు సెకన్లు. ఆమె రెండోసారి పెట్టమంది. విని నవ్వింది, కళ్ళ నిండా నీళ్ళతో.

"ఇది మా మాట" అంది. సగం చేతులతో, సగం అరబ్బీలో చెప్పుకొచ్చింది. "నేనే నేర్పించా. నాకు చెయ్యి తెగితే ఆమె పోలే అనేది, ఆమెకు నడుం నొప్పయితే నేను పోలే అనేదాన్ని. మనిషికి కష్టం వస్తే మేము ఇలా అంటాం. అయ్యో, అని. కారులో తిరిగి వస్తుంటే నీ మెసేజ్ వచ్చింది. ఏమంది అని అడిగా. చెల్లి చెయ్యి కాల్చుకుంది అని చెప్పి, ఇది మాట్లాడింది."

నా చెయ్యి కాలిందని అయ్యో అంది. నేను అడిగిన ప్రశ్నకు జవాబే చెప్పలేదు. ఆమె అంతే, ఎప్పుడూ మనం అడిగింది వదిలేసి ఇంకొకటి చెబుతుంది.

ఇది నిజమని రుజువేమీ లేదు. ఆ ఊరివాళ్ళు ఆ మాటను చివర కురచగా పలుకుతారు. మా అక్క సాగదీసిందా, కురచగా అందా అని తర్వాత చాలాసార్లు విన్నాను. నీరసంలో ఉన్న మనిషి ఎలాగైనా పలుకుతుంది.

"నాకు మీ భాష రాదు కదా" అన్నాను. "నాకెట్లా తెలుస్తుంది?"

"నేనూ అదే అన్నా. చెల్లికి మా మాట తెలీదు కదా అని." ఆమె పుస్తకం పేజీలు తిప్పినట్టు వేళ్ళు తిప్పింది. "చదువుకుంది, అర్థం చేసుకుంటుంది అంది."

అప్పుడు ఏడ్చాను. ఆ మనిషి మీద ఎంత చిరాకు వచ్చిందో చెప్పలేను. ఒక్క ముక్క తెలుగులో అని ఉంటే ఏమయ్యేది? అయ్యో పాపా అని. నాకు ఒక ఏడాది మిగిలేది. పిల్ల నా భుజం మీద నిద్రపోయింది. ఆమె అరటిపండు ఒలిచి నా చేతిలో పెట్టింది. తిన్నాను.

అడవిలో రెండు రోజులు తిరిగాం. సింహం ఒకటి చెట్టు కింద పడుకుని ఉంది. పిల్లలు అది లేవాలని గంటసేపు చూశారు. లేవలేదు.

కువైట్‌లో దిగేసరికి మిట్టమధ్యాహ్నం. డ్రైవరన్న పెట్టెలు ఎక్కించి, మామా పిల్లలతో ముందు కారులో వెళ్ళిపోయాక, నా వైపు తిరిగాడు.

"ఏం చెల్లెమ్మా, ఎల్లిన పనయ్యిందా?"

"అయిందన్నా. పోయిందంట."

అతను తల వంచుకున్నాడు. "అది తెలిసిందే కదమ్మా. ఏడాదవుతుంది."

"అది కాదన్నా. ఆస్పత్రికి. ఆస్పత్రికి పోయిందంట."

అతను బండి తీసి పెద్ద రోడ్డు ఎక్కాక, "పోన్లే, ఎల్లింది" అన్నాడు.