బొగ్గు పొయ్యి బూడిద

మొన్న కరీంనగర్‌లో మా మేడ మీద పక్కింటావిడ టమాటా కుండీల్లో బూడిద చల్లుతూ, "గిది ఏస్తే తెగులు రాదంట వదినె" అంది. "ఏం బూడిద?" అని అడిగాను. హోటలు నుంచి తెచ్చిన కట్టె బూడిదే అని చెప్పేదాకా నా ప్రాణం కుదుటపడలేదు. ఆవిడ నన్ను వింతగా చూసింది. బూడిదలో కూడా రకాలుంటాయని మా మేనమామ వరి పంట దెబ్బతిన్న ఏడాది మా ఇంటిల్లిపాదికీ తెలిసింది. అదంతా చెబుతూ కూర్చుంటే పొయ్యి మీది పప్పు మాడుతుందని కిందికొచ్చేశాను.

మామది నస్పూర్. బొగ్గుగనిలో పనిచేసి, ఊపిరితిత్తులు పాడై, ఇక దిగడానికి వీల్లేదని డాక్టర్లు చెప్పాక పైకొచ్చాడు. అలాంటివాళ్ల కొడుక్కి గనిలో కొలువు ఇచ్చేవారు. కాలనీలో ఆ కొలువు కోసం జనం మొక్కని దేవుడు లేడు. మా అత్త కూడా వేములవాడ రాజన్నకు కోడెను కడతానని మొక్కుకుంది. మామ మాత్రం అడ్డం పడ్డాడు. గోదావరి పక్కన కొంచెం పొలం కొని, "ఒక్క పంట జూద్దాం. పొలం కూడు పెడితే పోరడు కిందికి దిగుడు లేదు. పెట్టకుంటే మీ ఇష్టం" అన్నాడు. ఆయన కొడుకు, మా బావకూ అదే కావాలి. ఆయనకు చిన్నప్పటి నుంచీ చీకటంటే భయం. ఆ మాట నాతో తప్ప ఎవరితోనూ అనలేదు.

మామ తల్లి, అంటే మా అమ్మమ్మ, మెట్‌పల్లి దగ్గరి పల్లెలో ఏడాది పొడుగునా కట్టెల పొయ్యి బూడిద కుప్పపోసి, నాట్లకు ముందు పొలంలో చల్లించేది. ఆమె వరికి ఎన్నడూ పెద్ద తెగులు సోకలేదని మామ గొప్పగా చెప్పుకునేవాడు. నస్పూర్ క్వార్టర్లలో ఆ రోజుల్లో ఇంటింటా బొగ్గు పొయ్యే. మామ ఎండాకాలమంతా గడప గడపకూ తిరిగి ఆ బూడిద అడిగి సంచుల్లో నింపాడు. అత్త సిగ్గుతో చచ్చిపోయింది. "బొగ్గు తవ్వింది సాలలేదా అన్నా, ఇగ బూడిద ఎత్తుతున్నవా?" అని ఆడవాళ్లు నవ్వితే మామ కూడా దగ్గుతూనే నవ్వేవాడు.

ఎరువుల దుకాణంలో యూరియాతో పాటు పొటాష్ కూడా తీసుకొమ్మన్నారట. "బూడిదేసిన గద, మల్ల గదెందుకు?" అని వచ్చేశాడు. యూరియా మాత్రం ధారాళంగా చల్లాడు. వరి ఎంత పచ్చగా లేచిందంటే, దూరం నుంచి నల్లగా కనిపించేది. దారిన పోయేవాళ్లు ఆగి చూసేవారు. బావ పొద్దంతా గట్టు మీదే. అత్త కూడా కొలువు ఊసెత్తడం మానేసింది.

సరిగ్గా ఈనే వేళకు ముసురు పట్టింది. ఆకుల మీద మచ్చలు లేచాయి, కంకుల మెడలు నల్లబడి విరిగాయి. అగ్గితెగులు. మందు కొట్టారు కానీ అప్పటికే ఆలస్యమైంది. కొద్దిరోజుల్లోనే పొలం తెల్లగా మారింది. ఏ కంకి నలిపినా పొల్లే. చూడటానికి వచ్చిన వ్యవసాయాధికారి చిన్న వయసు అమ్మాయి. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. గట్టు పక్కన మిగిలిన బూడిదను వేళ్లతో తీసి, బొగ్గుదేనా అని అడిగింది. అవునన్నాడు మామ.

"కట్టె బూడిదల పొటాష్ ఉంటది కాకా. బొగ్గు బూడిదల చెట్టుకు అందే పొటాష్ లేనట్టే. యూరియా ఎక్కువై ఆకు మెత్తవడ్డది, పొటాష్ లేక తట్టుకునే బలం రాలే. ముసురు వట్టంగనే తెగులు దొరకవట్టింది" అంది మెల్లగా.

మామ ఆ బూడిదను పిడికిట్లోకి తీసుకున్నాడు. తర్వాత, "బూడిద బూడిదే అనుకున్న బిడ్డా. గిన్నేండ్లు బొగ్గు తవ్విన, గదొక్కటి తెల్వలే" అన్నాడు. ఆయన ఏడవడం నేను అప్పుడే చూశాను. నాకు పట్టరాని కోపమొచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. బావ తండ్రి భుజం పట్టుకుని, "ఫికర్ జేయకు బాపు, గనికి నేను పోత" అన్నాడు.

పోయాడు. మరుసటి వానాకాలం మామ పొటాష్ వేశాడు, యూరియా తగ్గించాడు. అప్పుడూ ముసురు పట్టింది, కానీ వరి గింజ పట్టి నిలబడింది. కోతకు రావడానికి బావకు సెలవు దొరకలేదు. ఇప్పుడు నస్పూర్‌కు ఫోన్ చేస్తే ముందు దగ్గు వినిపిస్తుంది. మాట వినిపించేదాకా అది మామదో బావదో పోల్చుకోలేను. పొలానికి ఏటా ఇంకో వానాకాలం వస్తూనే ఉంది, బావకు మాత్రం తెగులొచ్చిన ఆ ఒక్కటే వచ్చింది.