క్లచ్ లేని జీపులో కోర్టుకు

ఫ్యాక్షన్ ముదిరిన ఆ ఏళ్లలో నేను పులివెందులలో బాడుగ జీపు నడిపేవాణ్ణి. ఎవర్ని ఎక్కించుకుంటే వాళ్ల పార్టీ మనిషినని ముద్ర పడేది. అందుకే పెళ్లిళ్లకు, ఆసుపత్రులకు తప్ప వేరే బాడుగలు ఒప్పుకునేవాణ్ణి కాదు.

ఒక్కసారి మాత్రం కాదనలేకపోయాను. లింగాల పక్క పల్లెలో ఒక రైతు ఉండేవాడు. మా నాయన పోయాక నా పెళ్లి దగ్గరుండి జరిపించింది ఆయనే. మామా అని పిలిచేవాణ్ణి. వాళ్ల ఊళ్లో జరిగిన ఒక హత్యను ఆయన కళ్లారా చూశాడు. మిగతా సాక్షులు ఒక్కొక్కరే మాట మార్చేశారు. ఆయన మార్చలేదు. జమ్మలమడుగు కోర్టుకు పోవాల్సిన దానికి ముందురోజు, బస్సెక్కితే మధ్యలో దించేస్తారని భయపడి భార్యతో సహా జీపుల స్టాండుకు నా దగ్గరకు వచ్చాడు.

మర్నాడు పొద్దున్నే బయలుదేరాం. ఊరు దాటిన కాసేపటికి అద్దంలో తెల్ల జీపు ఒకటి కనబడింది. నేను నిదానిస్తే అదీ నిదానిస్తోంది. మామ వెనక్కి తిరగలేదు.

"వస్తాండారా?" అని మాత్రం అడిగాడు.

"వస్తాండారు మామా."

అత్త చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ముద్దనూరు రాకముందే, గేరు మారుద్దామని క్లచ్ తొక్కితే పెడల్ మెత్తగా కిందికి పోయి అక్కడే ఉండిపోయింది. కేబుల్ తెగింది. ఆగి చూసుకునే చోటు కాదది. రోడ్డుకు రెండు పక్కలా కోతలైపోయిన ఖాళీ పొలాలు, మనిషన్నవాడు లేడు.

అంతకుముందు కొన్నేళ్లు నేను నాపరాళ్ల లారీ తోలాను. క్లచ్ లేకుండా గేరు వేయడం ఆ లారీ మీదే అలవాటైంది. యాక్సిలరేటర్ మీద కాలు తీసి గేరును న్యూట్రల్‌లోకి లాగాలి. ఇంజను మోత తగ్గుతూ తగ్గుతూ బండి వేగానికి సరిపోయినప్పుడు పై గేరులోకి నెట్టాలి. కింది గేరుకైతే మధ్యలో కాస్త రేసు ఇవ్వాలి. చెవితో చేసే పని అది. కుదిరితే గేరు తనంతట తానే లోపలికి జారుతుంది, కుదరకపోతే పళ్లు గరగరమని అరుస్తాయి. ఆ రోజు నాకు నా గుండె చప్పుడే తప్ప ఇంజను మోత సరిగా వినబడలేదు. రెండుసార్లు గేరు అరిచింది. మూడోసారి పడింది.

ముద్దనూరులో రైలు గేటు వేసి ఉంది. ఆగక తప్పలేదు. న్యూట్రల్‌లోకి లాగి, బ్రేకు తొక్కి, ఇంజను ఆపేశాను. తెల్ల జీపు మా వెనకే ఆనుకున్నట్టు వచ్చి ఆగింది. అందులోంచి ఒకడు దిగి, తీరిగ్గా నడిచివచ్చి, మామ పక్కన కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. ముఖంలో నవ్వు ఉంది.

"ఏం మామా, కోర్టుకా? క్లచ్ పోయినట్టుందే. మా బండిలోకి రాండి, మేం దింపుతాం."

క్లచ్ పోయిందని మేం ఎవరికీ చెప్పలేదు. గేరు అరుపు విని కనిపెట్టాడేమో అనుకోవడానికి నా మనసు ఒప్పుకోలేదు. మామ గేటుకేసే చూస్తున్నాడు. అత్తే అంది: "మా బండి బాగనే ఉందిలేప్పా. నువ్వు పో."

రైలు పోయింది, గేటు లేచింది. క్లచ్ లేని బండిని కదిలించాలంటే ఫస్ట్ గేరులో పెట్టి సెల్ఫ్ కొట్టాలి. ఇంజనుతో పాటు బండిని కూడా బ్యాటరీయే లాగాలి. మొదటిసారి మూలిగి ఊరుకుంది. వాడు ఇంకా కమ్మీ వదల్లేదు. రెండోసారి బండి ఎగిరెగిరి పడుతూ ముందుకు దూకింది. వాడి పట్టు జారింది. జమ్మలమడుగు దాకా నేను మళ్లీ ఆపలేదు.

వాళ్లిద్దరినీ కోర్టులో దింపి బండిని మెకానిక్ దగ్గరకు తీసుకుపోయాను. అతను కేబుల్ బయటికి తీసి, తెగిన కొస వెలుతురులో తిప్పి చూసి, గొంతు తగ్గించాడు.

"ఇది తెగింది కాదప్పా. సగం దాకా రంపంతో కోసినారు. రాత్రి బండి యాడ పెట్టినావు?"

రోజూ పెట్టే చోటే, జీపుల స్టాండులో. అక్కడ అందరూ నాకు తెలిసినవాళ్లే.

మధ్యాహ్నం మామ బయటికి వచ్చాడు. చూసింది చూసినట్టు చెప్పానన్నాడు. కేబుల్ సంగతి విని అత్త చెట్టు మొదట్లో కూర్చుండిపోయింది. "ఇంగ ఊరికి పోవద్దు" అంది. ప్రొద్దుటూరులో ఆమె తమ్ముడింటికి తీసుకుపోయాను. దారంతా అద్దంలో ఒక్క బండి లేదు. పొద్దుటికంటే అదే ఎక్కువ భయపెట్టింది.

కొన్నాళ్లకు, ఒక్కడి సాక్ష్యం చాలదని కేసు కొట్టేశారు. ఆ సాయంత్రం టపాకాయలతో ముద్దాయిల ఊరేగింపు మా స్టాండు ముందునుంచే పోయింది. గేటు దగ్గర చూసిన మనిషి అందులోంచి పక్కకు వచ్చి నా భుజం మీద చేయి వేశాడు.

"బాడుగలు బాగుండాయా అప్పా? పిల్లోల్లు బాగుండారా?"

బాగున్నారన్నాను. ఆ నెలలోనే జీపు అమ్మేసి మేమూ ప్రొద్దుటూరు చేరాం.

మామ మళ్లీ తన ఊరి ముఖం చూడలేదు. బోరు మోటరు వేసేవాళ్లు లేక ఆయన తోటలో చీనీ చెట్లు, అంటే బత్తాయిలు, ఎండిపోయాయి. కౌలుకు చేసే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఆయన మంచాన పడిన రోజుల్లో ఒకసారి అడిగాను.

"నువ్వు చూల్లేదని చెప్పింటే పోయేది గద మామా?"

ఆయన గోడ వైపుకు తిరిగాడు.

"ఆ పొద్దు నేను చూసింది సంపినోళ్లకు తెలీదప్పా. కానీ పడిపోతా పడిపోతా ఆ సచ్చిపోయినోడు నన్ను చూసినాడు" అన్నాడు.