ఈడ అనే మాట

ప్రొద్దుటూరు, మా అద్దె గది, ఉదయం ఎనిమిది. ఉన్నవాళ్లు: నేను, నా భార్య, పదినెలల మా పాప. ఉన్నవి: డ్రాయింగు బల్ల, టీ స్క్వేరు, అప్పుడే మూత తీసిన నల్ల ఇంకు సీసా. ఆ ఘాటు వాసన తగిలిందంటే నాకు కొండయ్య గారు గుర్తుకొస్తారు.

జమ్మలమడుగు కాలువ సెక్షన్‌లో ఆయన ఓవర్సీరు. నేను పాలిటెక్నిక్ నుంచి కొత్తగా వచ్చిన డ్రాఫ్ట్స్‌మన్‌ని. తప్పు పడిన అంకెను చెరపకుండా ఒక్క గీతతో కొట్టేసి పక్కన సరైనది రాయాలని నేర్పింది ఆయనే. ఆయన కొడుకు సూరికి నాలుగేళ్లు దాటినా నోట మాట లేదు. బ్రహ్మంగారిమఠం పోయి వచ్చారు, కడప డాక్టరుకు చూపించారు. చివరికి ఆయనే ఒక పద్యం కట్టారు. ఛందస్సు లేదు, ఇంట్లో ఉన్నవే అందులో ఉన్నాయి:

కోడి యాడ? గంప కింద.
పిల్లి యాడ? పొయ్యి కాడ.
నాయన యాడ? గట్టు కాడ.
సూరి యాడ?

సూరి రొమ్ము చరుచుకుని "ఈడ!" అనేవాడు. వాడికి వచ్చిన మాట అదొక్కటే. "ఇంతే సాలప్పా," అనేవారు కొండయ్య గారు, కాలువ గట్టు మీద కొలత గొలుసు లాగిస్తూ. "పొద్దున వాడు ఈడ అన్న్యాడంటే దినమంతా ఎండ తెలీదు నాకు."

ఒకరోజు, "నీ రాత అచ్చేసినట్టుంటాది. మంచి షీటు మీద రాసియ్యప్పా, గోడకు అంటిస్తా" అన్నారు. రాశాను. రాస్తూ దిద్దాను. యాడ అన్నచోటల్లా ఎక్కడ, కాడ అన్నచోట దగ్గర పెట్టాను. ఆఖరున వాడు చెప్పవలసిన మాటను ఇక్కడ అని రాశాను. నేను కొట్టేసినవన్నీ మా అమ్మ నోటి మాటలే. హాస్టల్లో కోస్తా పిల్లలు నన్ను వెక్కిరించినవీ అవే.

"ఏందప్పా, మార్చినావే?"

"రేపు బడిలో నవ్వుతారు సార్. నేర్పేదేదో మంచి తెలుగే నేర్పండి."

ఆయన షీటును చుట్టి చంకన పెట్టుకున్నారు. "సదువుకున్నోడివి. నువ్వు చెప్తే సరే."

ఆ వారం నుంచి కొత్త పాఠమే చెప్పారు. సూరి తండ్రి నోటి వైపు చూసేవాడు. చేయి రొమ్ము దాకా వచ్చి ఆగేది. నెల తిరిగేసరికి ఆ చేయి కూడా లేవలేదు. ఆయన కంగారుపడి పాత పద్యానికి మళ్లారు. వాడు పలకలేదు.

నాకు పులివెందులకు బదిలీ అయ్యాక ఒకసారి జమ్మలమడుగు వెళ్లి ఆయన్ని కలిశాను. సూరి వాకిట్లో గులకరాళ్లు వరుసగా పేరుస్తున్నాడు.

"మాట్లాడుతున్నాడా సార్?"

"లేదప్పా. మనం చెప్పేది ఇంటాడు, అంతే. నీ రాత మాత్రం శానా బాగుండాది. ఇంకా గోడకే ఉండాది" అన్నారు. తిట్టి ఉంటే బస్సెక్కి మరిచిపోయేవాణ్ణి.

మా పాప ఏడిస్తే నేనూ ఆ పద్యమే చెబుతాను, ఆయన కట్టినట్టే. పాప ఊరుకుంటుంది. నాకూ నిమ్మళంగా ఉంటుంది. ఆ నిమ్మళం వాళ్లింట్లోంచి ఎత్తుకొచ్చినట్టు ఉంటుంది. సూరి పేరు తీసి పాప పేరు పెట్టడానికి ఇప్పటిదాకా నోరు రాలేదు. వాడి ఈడతో కలిపి పద్యంలో మొత్తం మాటలు పదిహేను. నేను మార్చినవి ఏడు.